ఉద్యానవనంలో కానిస్టేబులు – మన బాధ్యత
(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



చాలా సంవత్సరాల నాటి మాట. రాత్రి డ్యూటీ ముగించుకొని, మొదటి బస్సు వచ్చేవరకు స్టేషను సమీపంలోని పార్కులో ఒక చెట్టు క్రింద నడుము వాల్చాను. ప్రక్కనే ఒక తాపీపని కూలీ నిద్రిస్తున్నాడు. గస్తీ కానిస్టేబులు వచ్చి ఇద్దరినీ లేపాడు. నా గుర్తింపు కార్డు చూచి, "మీరుండండి సార్" అన్నాడు. కూలీకి మాత్రం లాఠీతో గేటు చూపించాడు. నేను నోరు మెదపలేదు. ఆ మౌనం నన్ను నేటికీ బాధిస్తున్నది. పార్కు కార్డు గలవారిదా? ప్రజలందరిదా?

ఈ ప్రశ్న మన సంఘానికి కూడా సంబంధించినదే. రైల్వే ఆవరణలో యాజమాన్యం వద్దన్నచోట సభ జరుపుకొనే హక్కు ఉద్యోగులకు లేదని 1969లో నిరంజన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆవరణ తలుపు మూసుకొంటే మనకు మిగిలేది మైదానము, వీధి మాత్రమే. అక్కడ మొట్టమొదట ఎదురయ్యేవాడు కానిస్టేబులు.

అతని అధికారానికి హద్దు ఉన్నది. వీధులలో జరిగే సభలను క్రమబద్ధం చేయవచ్చునే గాని, అధికారి ఇష్టానుసారం నిరాకరించే నిబంధన చెల్లదని 1972లో హిమత్‌లాల్ షా కేసులో అదే న్యాయస్థానం తేల్చి చెప్పినది. అయినప్పటికీ 2017లో హైదరాబాదు ఇందిరా పార్కు వద్ద ధర్నాలకు అనుమతి నిలిచిపోయినది. అదే సంవత్సరం ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద కూడా నిషేధం వచ్చినది. అక్కడ సంపూర్ణ నిషేధం తగదని 2018 జూలైలో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది. కాగితంపైనున్న హక్కును కాపాడుకోవలసినది మనమే.

అయితే కానిస్టేబులు మన శత్రువు కాడు. 1966 నాటి చట్టం ప్రకారం అనుమతి లేనిదే అతడు ట్రేడ్ యూనియనులో చేరరాదు. పండుగనాడు సైతం ఎండలో నిలబడే ఆ జీతగానికి మనకున్నంత సంఘ స్వేచ్ఛ లేదు. పైవారి ఉత్తర్వునే అతడు మోస్తున్నాడు. కనుక అతనితో వాగ్వాదం వద్దు, ఉత్తర్వును వ్రాతపూర్వకంగా కోరండి. దరఖాస్తు ముందుగానే ఇచ్చి రసీదు తీసుకొనండి. నిరాకరిస్తే కారణాలు అడగండి. నడకదారి విడిచిపెట్టండి. సభానంతరం స్థలాన్ని శుభ్రం చేయండి. అక్కడికి వచ్చే వృద్ధులు, పిల్లలు కూడా ప్రజలే గదా!

చివరిగా ఒక్క మనవి. కార్డు లేని మనిషిని ఎవరైనా గేటు వైపు నెట్టుతున్నప్పుడు నావలె ఊరకుండకండి. "ఏ నిబంధన ప్రకారం, అయ్యా?" అని మర్యాదగా అడగండి. నేడు అతనికి మూతపడిన పార్కు రేపు మన సభకు తెరచి ఉండదు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!