పొడుగు కాళ్ల రౌతు – పొట్టి గుఱ్ఱము

రౌతు మెత్తనైనచో గుఱ్ఱము మూడుకాళ్ల నడచునని మనలో ఒక సామెత కలదు. ఈ సామెతను పైపైన నమ్మి, గుఱ్ఱమును నడిపించుట యనగా మడమలతో పొడుచుటయే యని తలచువారు పెక్కుమంది. ఎత్తైన గుఱ్ఱము నెక్కినవాడు ఈ తలపుతో కొంతకాలము నెట్టుకొని పోవచ్చును. పొడగరి పొట్టిగుఱ్ఱము నెక్కినపుడు మాత్రము ఇది ఒక్కనాడును సాగదు. ఏలయన, అతని మడమలు గుఱ్ఱపు డొక్కలను దాటి క్రిందికి వ్రేలాడుచుండును. అతడెంత గట్టిగా పొడిచినను ఆ పోటు గాలికే తగులును.

మేము నేడు చెప్పబోవునది అట్టి రౌతును గూర్చియే. ఈ జోడీ వింతయేమియు కాదు. మణిపుర రాష్ట్రమున పోలో ఆటకు పేరుపొందిన తట్టువలు మూపు వద్ద కొలిచినచో సుమారు 112 మొదలు 132 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే యుండును. వానిపై ఎదిగిన పురుషులే స్వారిచేసి, పక్షమునకు ఏడుగురు చొప్పున ఆడుదురు. ఐస్లాండు ద్వీపపు గుఱ్ఱములు సాధారణముగా 130 మొదలు 145 సెంటీమీటర్ల వరకే పెరుగును. అచ్చటి రైతులు శరత్కాలమున కొండలపైనుండి గొఱ్ఱెల మందలను మరలించుకొని వచ్చుట వానిపైననే. కావున కాలు పొడుగగుట దోషము కాదు. ఆ కాలిని వాడు విధము తెలియకుండుటయే దోషము.

పొట్టిగుఱ్ఱముపై సాధారణముగా జరుగు తప్పు ఒకటి కలదు. డొక్కను అందుకొనుటకై రౌతు మోకాలు ముడిచి, మడమను వెనుకకును పైకిని లాగును. ఆ క్షణముననే మూడు కీడులు కలుగును. తొడ జీనునుండి వదులగును. మేను ముందునకు వ్రాలును. నిలుకడకై చేతులు పగ్గములను పట్టి లాగును. కాలు “నడువు” అనుచుండగా నోటిలోని కళ్లెము “ఆగు” అనును. గుఱ్ఱము దేనిని వినవలెను? కొన్నాళ్లకు అది రెంటిని వినుట మానును. అప్పుడు దానికి మొండిదను పేరు పడును. పిమ్మట కొరడా దెబ్బలు. ఆ పిమ్మట ఒకరి చేతినుండి మరియొకరి చేతికి అమ్ముడుపోవుట. తప్పు రౌతుది, శిక్ష గుఱ్ఱముది.

క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున జెనొఫను అను గ్రీకు సేనాని అశ్వారోహణమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. నాటి గ్రీకులకు రికాబులు లేవు. మోకాలి క్రిందిభాగమును బిగింపక సడలించి వ్రేలాడనీయవలెనని అతడు బోధించెను. బిగిసిన కాలు దేనికైన తగిలినచో విరుగవచ్చుననియు, సడలిన కాలు తొడను కదలింపకయే తొలగుననియు అతడు చెప్పిన కారణము. పొడుగు కాళ్లవారికి నేటికిని ఇదియే మొదటి పాఠము. అందని మడమను పైకి లాగవలదు. దానిని దాని చోటనే యుండనిండు.

అట్లయిన సంజ్ఞ ఎచ్చటినుండి? తన కాలిలో ఏ భాగము డొక్కకు తాకుచున్నదో రౌతు మొదట తెలిసికొనవలెను. పొట్టిగుఱ్ఱముపై అది పిక్క పైభాగమును, మోకాలి లోపలివైపును. తొడ బరువుగా దిగి, మోకాలు సడలి, మడమ క్రిందికి వ్రాలినచో పిక్క కొంత గట్టిపడును. ఆ గట్టిదనము గుఱ్ఱమునకు తెలియును. ఈగ వ్రాలినను చర్మమును జలదరింపజేసి తోలుకొను ప్రాణి యది. పిక్క ఒత్తుడు దానికి చాలదా?

పట్టెడ ప్రక్కన, అనగా జీనును కడుపు క్రింద బిగించిన చోట, రెండు పిక్కలతో ఒక్కమారు ఒత్తినచో ముందుకు నడువుమని అర్థము. ఒక పిక్కను బెత్తెడు వెనుకకు జరిపి ఒత్తినచో వెనుకకాళ్లను ఆవలి ప్రక్కకు జరుపుమని అర్థము. ఆ జరుపుట తుంటినుండి జరుగవలెను. మడమ పైకి లేవరాదు.

సమయము నెఱుగుట మఱింత ముఖ్యము. నడకలో గుఱ్ఱపు కడుపు ఇటునటు ఊగును. ఎడమ వెనుకకాలు లేచి ముందునకు వచ్చునపుడు కడుపు కుడివైపునకు ఒరుగును. రౌతు ఎడమకాలు తనంత తానే లోనికి వ్రాలును. ఎడమకాలి సంజ్ఞకు తగిన వేళ యదియే. నేలపై మోపియున్న కాలిని కదలుమనుట వ్యర్థము. లేచిన కాలిని ఇంకొంచెము సాగుమనుట సులభము. దీనిని నేర్చుటకు ఒకరు గుఱ్ఱమును పట్టి మెల్లగా నడిపించుచుండగా, రౌతు రికాబులు వదలి, కాళ్లు వ్రేలాడవిడిచి, ఆ ఊపును కనిపెట్టుచు కూర్చుండవలెను.

గుఱ్ఱము అడుగు వేసిన తక్షణమే ఒత్తుడు మానవలెను. ఆ మానుటయే దానికి మెప్పు. ఎడతెగక ఒత్తు కాలు ఎడతెగక మ్రోగు రేడియో వంటిది. కొంతసేపటికి ఇంటివారే దానిని వినుట మానుదురు. జవాబు రాకున్నచో మరింత గట్టిగా పొడువరాదు. మొదట మెల్లగా ఒత్తి, పిదప నాలుకతో చప్పుడు చేసి, అప్పటికిని కదలకున్నచో సన్నని పొడుగు బెత్తముతో కాలి వెనుక తేలికగా తట్టవలెను. ఇది శిక్ష కాదు, గుర్తుచేయుట. వెంటనే మరల మెల్లని ఒత్తుడుతోనే అడిగి చూడవలెను. మెత్తనైన రౌతు వేరు, అలసుడైన రౌతు వేరు. సామెత హెచ్చరించునది రెండవవానినే యని మా అభిప్రాయము.

జీను సంగతియు కలదు. రికాబు తోలుపట్టీని ఒకటి రెండు రంధ్రములు కుదించినచో మోకాలు కొంచెము వంగి, పిక్క డొక్కకు చేరువ యగును. మరీ కుదించినచో మోకాలు జీను ముందంచును దాటును, రౌతు వెనుకకు నెట్టబడును. రౌతుకు చాలదని పెద్దజీను వేసి, దానిని కడపటి ప్రక్కటెముకకు ఆవల వరకు సాగనిచ్చుట గుఱ్ఱపు నడుమునకు హాని.

తుదిమాట. పొడుగు వేరు, బరువు వేరు. జీనుతో కూడ రౌతు బరువు గుఱ్ఱపు బరువులో అయిదవ వంతునకు మించరాదని వాడుకలో నున్న కొలత. ఎముకపుష్టిని బట్టియు దారిని బట్టియు ఇది కొంత మారవచ్చును. ఈ లెక్కను 250 కిలోగ్రాముల తట్టువపై 50 కిలోగ్రాములే. అంతకు చాల మించినవాడు ఎంతటి నేర్పరి యైనను దిగి నడచుటయే ధర్మము. కాళ్లు పొడుగైనవానికి అది పెద్ద కష్టమును కాదు.