ప్రోనోటు వెనకాల ఏం రాసుంది?

(కొమరోలులో ఒక ఆదివారం సాయంత్రం కాలనీ చెట్టు కింద జరిగిన కూటమిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం. - సం.)



అప్పుల గురించి మాట్లాడమని మన పిల్లోళ్లు పిలిచినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. మేస్టరు గదా, లెక్కలు బాగా చెబుతాడు అనుకున్నారేమో. బడిలో పిల్లలకు బారువడ్డీ, చక్రవడ్డీ చెబుతూ, ఇంట్లో మూడు రూపాయల వడ్డీకి నోటు రాసిచ్చినవాణ్ణి నేను. ఉద్యోగం వచ్చిన రెండో ఏట చెల్లెలి పెళ్లి చేసినాం. అన్నకు గవర్నమెంటు ఉద్యోగం ఉంది గదా అని వాళ్లు అడిగిందల్లా ఒప్పుకున్నా. ఆ అప్పు తీరేదానికి తొమ్మిదేళ్లు పట్టింది. కాబట్టి దెబ్బతిన్నవాడి మాటగా వినండి.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఊళ్లోవాళ్లు మనల్ని ఒక మాట అంటారు. "వాళ్ల చేతిలో రూపాయి నిలవదు, తాగి తగలేస్తారు" అని. అనీ అనీ మనమే నమ్మేసినాం. ఈ పడమటి ప్రకాశంలో వాన ఎంత పడుతుందో మీకు నేను చెప్పేదేముంది? కౌలుకు తీసుకుని కంది వేసినా పత్తి వేసినా, పంట పోతే కౌలు మాత్రం పోదు. సొంత పాసుపుస్తకం ఉన్నోడికి బ్యాంకు పంట లోను ఇస్తుంది. కౌలుదారుడు ప్రైవేటు వడ్డీకి పోతాడు. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు, బిల్డింగు పనులకు హైదరాబాదు, బెంగుళూరు పోతాం. బస్సెక్కకముందే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తినేసి ఉంటాం. తాగే నీళ్లు డబ్బా లెక్కన కొంటున్నాం. ఇక ఆస్పత్రి. గిద్దలూరులో తేలకపోతే నంద్యాలకో ఒంగోలుకో పోవాల. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినాక పెద్ద ఆపరేషన్లకు కొంత ఆధారం దొరికింది, కాదనను. అయితే కారు బాడుగ, మనతో ఉండే మనిషి తిండి, పోయిన కూలి, ఇవి ఏ కార్డు మీదా రావు. మన అప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతోంది. తాగుడు సంగతి తర్వాత చెబుతా, దాన్నేం దాచను.

మా నాయన అప్పు గురించి చెప్పాల. మా జేజి చనిపోతే కర్మకు ఒక ఆసామి దగ్గర ఎనిమిది వందలు తెచ్చినాడు. "నీకు వడ్డీ ఏందిరా, మన మనిషివి" అన్నాడంట ఆసామి. మా నాయన ఆ మాట పదిమందికీ గొప్పగా చెప్పుకునేవాడు. ఆ వడ్డీ లేని అప్పుకు మా అన్న ఎనిమిదేళ్ల వయసులో ఆయన బర్లు కాసేదానికి పోయినాడు. పండగొస్తే మా అమ్మ వాళ్ల ఇల్లంతా అలకాల. కోతలప్పుడు బయట కూలి ఎక్కువ పలికినా మా ఇంట్లో మనిషి పోయేదానికి లేదు. పెద్దయినాక కూర్చుని లెక్క వేసినా. మా అన్న కూలి రోజుకు ఒక్క రూపాయి వేసుకున్నా ఏడాదికి 365. ఎనిమిది వందల మీద 365 అంటే నెలకు నూటికి దగ్గర దగ్గర నాలుగు రూపాయల వడ్డీ. అది ఒక్క మా అన్నది. మా అమ్మ అలికింది, మా నాయన కోసింది లెక్కలో లేవు. అసలు ఎనిమిది వందలు ఎనిమిది వందలుగానే ఉంది.

ఇంకొకటి కూడా ఆ లెక్కలో లేదు. ఒకసారి మా పల్లె పిల్లోణ్ణి చెట్టుకు కట్టి కొట్టినారు. మా నాయన కళ్లారా చూసినాడు. పోలీసులు వచ్చి అడిగితే, "నేను చేలో ఉన్నా సామీ, చూళ్లేదు" అన్నాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయినాడు. మా అమ్మ ఏమీ అడగలేదు.

1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చినాయి. అప్పు కింద మనిషిని వెట్టికి పెట్టుకోవడం నేరం, ఆ వెట్టి అప్పు కట్టక్కర్లేదు అని ఆ చట్టం. నేను పుట్టకముందే వచ్చింది. మా నాయనకు తెలీదు. తెలిసినవాళ్లు చెప్పలేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో కూడా మనచేత వెట్టి చేయించడం శిక్షపడే నేరం. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి డిగ్రీ దాకా వచ్చినా. మా అన్న ఇప్పటికీ వేలిముద్రే.

ఈ కథ ఎందుకు చెప్పినానంటే, ఏ అప్పు ఖరీదు ఎంతో వడ్డీ చూసి మాత్రమే చెప్పలేం. డబ్బులు కాక ఇంకేం తీసుకుంటున్నాడో చూడాల.

ఇక వడ్డీ సంగతి. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి నూటికి 12. రెండు రూపాయలంటే 24. మూడంటే 36. ఇది మీకు తెలుసు. నోటు తిరగరాస్తే ఏమవుతుందో చూడండి. మూడు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చినారు. నెలకు 1,500. ఏమీ కట్టలేదు అనుకుందాం. మూడేళ్లకు వడ్డీ 54,000. అప్పటికే అసలును దాటింది. ఇప్పుడు అప్పిచ్చినాయన ఇంటికొస్తాడు. మామూలుగా మన వాకిట్లోకి రాని మనిషి వచ్చి మంచం మీద కూర్చుంటాడు. "తొందరేం లేదు, నోటు మాత్రం తిరగరాయండి" అంటాడు. ఎంత మంచోడు అనుకుంటాం. ప్రోనోటు మీద కోర్టుకు పోయేదానికి గడువు మూడేళ్లే. 1963 కాలదోష చట్టం అది. ఆ గడువు దాటిపోతుందనే ఆయన వచ్చినాడు. అసలు, వడ్డీ కలిపి 1,04,000కు కొత్త నోటు. ఇప్పుడు వడ్డీకి వడ్డీ. ఇంకో మూడేళ్లకు దాని మీద 1,12,320. మొత్తం 2,16,320. మనం ఇంటికి తెచ్చుకుంది యాభై వేలే.

కట్టినప్పుడు ఏం చేయాల? నోటు వెనకాల చెల్లు రాయించుకోవాల. తేదీ, ఎంత కట్టినాం, వడ్డీ కిందనా అసలు కిందనా, కింద ఆయన సంతకం. గడువు దాటకముందు కట్టి, ఆ చెల్లు మన చేత్తో రాసినా, మన సంతకం పెట్టినా గడువు మళ్లీ ఆ తేదీ నుంచి మొదలవుతుంది, అది కూడా తెలుసుకోండి. అయినా రాయించుకోవడమే మేలు. "మన మధ్య రాతలేంది" అంటే, ఇచ్చేటప్పుడు రాయించుకున్నారు గదా అనండి. మర్యాదగానే అనండి. ఫోన్‌పేలో కట్టి ఆ లెక్క భద్రం చేసుకున్నా సాక్ష్యమే. మొత్తం తీరినాక నోటు వెనక్కి తీసుకుని అక్కడే చించాల. నేను కట్టిన తొమ్మిదేళ్లలో మొదటి రెండేళ్లు చెల్లు రాయించుకోలేదు. ఆ డబ్బు గాలికి పోయింది. డిగ్రీ చదివిన నేనే!

ఖాళీ నోటు మీద సంతకం మాత్రం ప్రాణం పోయినా పెట్టొద్దు. స్టాంపు మీద సంతకం పెట్టి ఖాళీగా ఇస్తే, పట్టుకున్నవాడు నింపుకునే అధికారం ఇచ్చినట్టే అంటుంది 1881 నాటి చట్టం. ఖాళీ చెక్కయినా అంతే. ఇప్పటికే ఇచ్చినోళ్లు ఉంటే, కోర్టు దగ్గర న్యాయ సేవల కమిటీ ఉంటుంది. మనం ఎస్సీలం కాబట్టి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 1987 చట్టం ఇచ్చిన హక్కు అది. ఆడవాళ్లకు ఏ కులమైనా ఉంది.

వారం గ్రూపులు, డైలీ ఫైనాన్సు గురించి అక్కలు అడిగినారు. డైలీ లెక్క ఇది. పదివేలు అని రాసుకుని చేతికి 8,500 ఇస్తాడు. రోజుకు వంద, వంద రోజులు. 1,500 పోయిందిలే అనుకుంటాం. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి ఇస్తున్నాం గదా. లెక్కకడితే నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ. గ్రూపు లోనుకు వడ్డీ అంత ఉండదు గానీ, ఒకదాని కంతు కట్టేదానికి ఇంకోటి ఎత్తుతాం. అక్కడ చెడిపోతాం. 2006లో కృష్ణా జిల్లాలో గొడవై మైక్రో ఫైనాన్సు బ్రాంచీలు మూయించినారు. 2010లో ఆత్మహత్యలు జరిగినాక రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు వచ్చింది. కొన్నాళ్లు తగ్గి మళ్లీ వచ్చినారు. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నియమాలున్నాయి. ఇంటి మొత్తం కంతులు నెల ఆదాయంలో సగం దాటేట్టు లోను ఇవ్వకూడదు. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు ఫోన్లు చేయకూడదు. తిట్టకూడదు, చుట్టాలను వేధించకూడదు. ముందే కట్టేస్తే జరిమానా వేయకూడదు. రాత్రి ఎనిమిదికి వచ్చి అరుగు మీద కూర్చునేవాణ్ణి ఈ నియమం అడగండి. ఒక్కరు అడిగితే అరుస్తాడు. పదిమంది ఆడవాళ్లు అడిగితే బండి స్టార్టు చేసుకుంటాడు. ఇక ఫోన్లో యాప్ లోన్లు. మన పిల్లోళ్లకు గట్టిగా చెప్పండి, వద్దు.

"మేస్టరా, మాకు లెక్కలు రాయడం యాడొస్తుంది" అంటారు. ఎందుకు రాదు? ప్రతి ఇంట్లో చదివింపుల పుస్తకం ఉంది. ఇరవై ఏళ్ల కిందట ఎవరు నూటపదహార్లు పెట్టినారో, ఎవరు స్టీలు బిందె పెట్టినారో రాసి, ట్రంకుపెట్టెలో దాచిపెట్టినాం. ఆ పుస్తకాన్ని తిరగేసి వెనక పేజీ నుంచి మొదలుపెట్టండి. ఎవరి దగ్గర, ఎంత, ఏ తేదీ, ఎంత వడ్డీ, ఏం సంతకం పెట్టినాం. ఆ పక్కన నెలకు వచ్చేది, పోయేది.

(ఇక్కడ ఒకామె లేచి, "రాసుకుంటే అప్పు తీరుద్దా అన్నా?" అని అడిగింది.)

తీరదక్కా. రాసుకోకపోతే మాత్రం ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు కడతాం. వడ్డీ ఎక్కువ తినేవాడు నోరు మూసుకుని కూర్చుంటాడు. రాసుకుంటే ఎవడు ఎంత తింటున్నాడో కనబడుద్ది. ఐదు రూపాయల వడ్డీది ముందు తీర్చాల. పొదుపు సంఘంలో బ్యాంకు లోను రూపాయి వడ్డీకి అటూ ఇటుగా వస్తుంది. దాన్ని టీవీకో ఫంక్షనుకో పెట్టకుండా ఆ ఐదు రూపాయల అప్పు మీద కొట్టాల. అంతకన్నా ముందు తీర్చాల్సిన అప్పు ఒకటుంది. మీరు ఎవరి చేలో పనిచేస్తారో, ఎవరి ముందు మీ పిల్లోడు సాక్ష్యం చెప్పాల్సి రావచ్చో, వాళ్ల దగ్గరి అప్పు. రూపాయి వడ్డీదైనా, వడ్డీ లేనిదైనా సరే. బ్యాంకుకు రెండు నెలలు ఆలస్యమైతే నోటీసు వస్తుంది. మా నాయనకు వచ్చింది నోటీసు కాదు.

తాగుడు గురించి చెబుతానన్నా. పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, సారాకు ఇంట్లోంచి ఎంత పోతుందో మాట్లాడుకున్నారు. ఆ మాటలు సారా అంగడి దాకా పోయినాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో మొత్తం మద్యం ఆపినారు, 1997లో మళ్లీ తెరిచినారు. సర్కారుకు ఆ డబ్బు మీద మనకన్నా ఎక్కువ మోజు. కానీ ఆ జిల్లాలో ఆడవాళ్లు ఆగలేదు, రోజుకు రూపాయి లెక్కన పొదుపు మొదలుపెట్టినారు. మన కాలనీలో క్వార్టరు సీసాల లెక్క ఆ పుస్తకంలో రాయండి. రాసేది ఆడవాళ్లయితే మంచిది. మగోళ్లం నిజం రాయం.

ఫంక్షన్ల దగ్గర చదివింపులే అసలు ముడి. "మేం పెట్టినాం గదా, రాబట్టుకోవద్దా" అని ఓణీలు, పంచెలు పెద్దగా చేస్తాం. టెంటు, ఫ్లెక్సీ, కూరలు అన్నీ తీసేస్తే చదివింపుల్లో మిగిలేదెంతో, చేసినవాళ్లు ఈ చెట్టు కిందే ఒకసారి చెప్పండి. నేను మా ఇంటిది చెబుతా. మిగలలేదు, నలభై వేలు మీద పడింది.

అప్పే చేయొద్దని నేననను. అంబేద్కర్ గారు సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరుగా ఉన్నప్పుడు రెండు గదుల్లో కాపురం చేస్తూ, ఇంటి ఖర్చుకు రమాబాయమ్మకు ఇంత అని కట్టి ఇచ్చి, మిగిలింది లండను చదువుకు దాచుకున్నారు. అది చాలక కొల్హాపూర్ మహారాజు సాయం తీసుకున్నారు, స్నేహితుడు నావల్ భతేనా దగ్గర ఐదు వేలు అప్పు చేసి 1920లో ఓడెక్కినారు. 1923లో వచ్చిన ఆయన పుస్తకం రూపాయి గురించే. చదువుకు చేసే అప్పును నేను వేరే పేజీలో రాస్తా.

పుస్తకాలు ఆ బల్ల మీద ఉన్నాయి, ఇంటికొకటి. రాయలేనోళ్ల దగ్గర పదో తరగతి ఆడపిల్లలు కూర్చుంటారు. విన్నది బయట చెప్పమని వాళ్లు మాటిచ్చినారు. ముందు నా పేజీ చదువుతా, సిగ్గు పోవాలంటే ఎవరో ఒకరు మొదలుపెట్టాల గదా. బ్యాంకులో ఇంటి లోను, నెలకు 9,400. కిరాణా కొట్లో 2,300. వరసకు తమ్ముడయ్యేవాడి దగ్గర చేబదులు 6,000, ఉగాదికి ఇస్తానని చెప్పి దాటిపోయింది. వాడు ఆ మూల కూర్చుని నవ్వుతున్నాడు.

జై భీమ్.