కమిటీలో మన కుర్చీ



మన డోర్నకల్ రైల్వే జంక్షన్ ఊరు. బండి దిగినవాళ్ళకు కాయో పండో అమ్మి ఇల్లు గడిపే ఆడవాళ్ళున్నారు. నేనూ గంప మోసినదాన్నే. ఊరి బాగు గురించి మాట్లాడాలంటే అధికారులు వర్తక సంఘాన్నే పిలిచేవాళ్ళు. షాపున్నవాడే వ్యాపారా, గంప ముందు కూర్చున్నది కాదా?

అవునంది 2014 వీధి వ్యాపారుల చట్టం. టౌన్ వెండింగ్ కమిటీలో వర్తక సంఘాలకు చోటిస్తూనే, వీధి వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదంది. వారిలో మూడో వంతు స్త్రీలుండాలంది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదంది. 2018లో డోర్నకల్ మున్సిపాలిటీ అయింది కనుక ఇది మనకూ వర్తిస్తుంది.

వర్తక సంఘం మనకు శత్రువు కాదు. రోడ్డు, నీళ్ళు, మరుగుదొడ్డి అందరికీ కావాలి. కానీ మన మాట మనమే చెప్పుకోవాలి. సర్వేలో పేరు, కమిటీలో కుర్చీ - ముందు ఈ రెండూ అడుగుదాం.