తొడిమలు తీసేచోట ఇంజనీరింగ్ పాఠం



ఇంజనీరింగ్ విద్యార్థులు స్వయంగా వస్తువులు రూపొందిస్తూ నేర్చుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 1995లో ప్రజల అవసరాలు తీర్చే ప్రాజెక్టులను చదువులో భాగం చేసింది. గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప చేల మధ్య వెలసిన మన కళాశాలలను నేనడిగేది ఒక్కటే: ఎవరి అవసరాన్ని అవసరంగా గుర్తిస్తున్నారు?

మిరపకాయల తొడిమలు తీసేది ఎక్కువగా స్త్రీలే. కాయలోని క్యాప్సైసిన్ వేళ్లను మండిస్తుంది. అది నీటిలో సరిగా కరగదు గనక కడుక్కున్నా మంట తగ్గదు. చేతి తొడుగులిస్తే సరిపోతుందంటాడు విద్యార్థి. తొడుగు మందమైతే వేలికి తొడిమ తెలియదు, పని సాగదు. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట ఆ నష్టం ఆమెదే. ఈ సంగతి ఆమె పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

పోనీ, యంత్రం చేస్తే? మంటతోపాటు కూలీ పోతుంది.

అందుకే సమస్యను నిర్ణయించేటప్పుడే కూలి స్త్రీలను పిలవాలి. మార్కులు వేసేటప్పుడు వారి మాట వినాలి. యంత్రమే వస్తే అది వారి సంఘాల చేతిలో ఉండాలి. విద్యార్థులకు పని నేర్పిన పూటకు వారికి కూలి కట్టివ్వాలి. పాఠం చెప్పే లెక్చరర్లకు జీతమిస్తున్నాం కదా!