ఇంటర్నెట్ పేర్ల హెడ్ స్లూయిస్ ఎవరి చేతిలో ఉంది?

ఈ ఎపిసోడ్‌లో డొమైన్ పేర్ల గురించి మాట్లాడుకుందాం. డొమైన్ ఎలా కొనాలి, ఎక్కడ చవక అనేది కాదు, అవి చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. ఆ పేర్లు ఇచ్చే అధికారం ఎవరిది? వాళ్లకి ఎలా వచ్చింది? అందులో మన తెలుగు ఎక్కడుంది? ఇదీ ఈరోజు సంగతి.

ముందు మన జిల్లా వెబ్‌సైట్ అడ్రస్ చూడండి. ఈస్ట్‌గోదావరి డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. మనం ఎడమ నుంచి చదువుతాం. కానీ ఫోన్ వెతికేది కుడి నుంచి. చివర్లో కనబడని ఒక చుక్క ఉంటుంది, దాన్ని రూట్ అంటారు. రూట్‌ని అడిగితే "ఇన్" ఎక్కడుందో చెప్తుంది. ఇన్‌ని అడిగితే గవ్, గవ్‌ని అడిగితే ఏపీ, ఏపీని అడిగితే తూర్పు గోదావరి.

గోదావరి జిల్లాల వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర హెడ్ స్లూయిస్, అక్కడి నుంచి పెద్ద కాలువ, తర్వాత పిల్ల కాలువ, ఆ తర్వాత బోదె, చివరికి చేను. ఎవరి లాకు వాళ్లే చూసుకుంటారు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ, కాకినాడ, ఏలూరు కొత్త జిల్లాలయ్యాయి కదా. వాటి పేర్లు పెట్టడానికి అమెరికాలో ఎవర్నీ అడగక్కర్లేదు. ఏపీ అనే కాలువ కింద ఇంకో బోదె తవ్వుకోవడమే. ఇదే ఈ సిస్టం గొప్పతనం. కానీ హెడ్ స్లూయిస్ తాళం ఒకరి దగ్గరే ఉంటుంది. గొడవంతా దాని గురించే.

మొదట్లో ఇవేం లేవు. 1970ల్లో నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలో ఎలిజబెత్ ఫైన్లర్ టీం దాన్ని చూసుకునేది. కంప్యూటర్లు పెరిగాక ఒక్క ఫైల్‌తో పని జరగలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ ఇప్పుడు మనం వాడుతున్న డీఎన్ఎస్ డిజైన్ చేశాడు. ఏ దేశానికి ఏ కోడ్ ఇవ్వాలి, ఎవరికి అప్పగించాలి అనే పని జాన్ పోస్టెల్ చూసేవాడు.

పోస్టెల్ ఇక్కడ ఒక తెలివైన పని చేశాడు. ఏది దేశం, ఏది కాదు అనే తగువు నెత్తిన వేసుకోలేదు. ఐఎస్ఓ వాళ్ల జాబితా ఉంది, అందులో ఉన్న రెండక్షరాల కోడ్ వాడదాం అన్నాడు. ఆ జాబితా భాషలది కాదు, రాష్ట్రాలదీ కాదు. అందుకే ఎన్ని కోట్లమంది తెలుగు మాట్లాడినా మనకంటూ రెండక్షరాల కోడ్ లేదు.

ఇండియాకి డాట్ ఇన్ 1989లో వచ్చింది. కానీ రూల్స్ ఎంత గట్టిగా ఉండేవంటే, 2004 దాకా రిజిస్టర్ అయినవి సుమారు 7,000 పేర్లే. 2005 జనవరిలో నిక్సీ చేతికి ఇచ్చి తలుపులు తెరిచారు. 2010 మార్చికి 6 లక్షలు దాటాయి. టెక్నాలజీ అదే, మారింది రూలు. గవర్నెన్స్ అనే బరువైన మాటకి అర్థం ఇదేనండి.

అటు అమెరికాలో 1995లో నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీ పేరుకి డబ్బు తీసుకోవడం మొదలెట్టింది, రెండేళ్లకి 100 డాలర్లు. ఇంత డబ్బు, ఇంత అధికారం ఒక్క కంపెనీకా అని గొడవ. 1998 సెప్టెంబర్‌లో ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. పోస్టెల్ ఆ అక్టోబర్‌లోనే చనిపోయాడు. ఐకాన్ వచ్చినా తాళం మీద అమెరికా ప్రభుత్వ కాంట్రాక్ట్ అలాగే ఉంది. ప్రపంచంలో ఏ దేశం పేరు మార్చాలన్నా అక్కడి వాణిజ్య శాఖ చూసి సరే అనాలి. వదిలేస్తామని 2014 మార్చిలో చెప్పారు. వదలొద్దని నాలుగు రాష్ట్రాలు టెక్సస్ కోర్టుకి వెళ్లాయి. కోర్టు ఆపలేదు. 2016 అక్టోబర్ 1న ఆ కాంట్రాక్ట్ ముగిసింది.

ఆ తర్వాత ఐకాన్ మొదటి బహిరంగ సమావేశం ఎక్కడ జరిగిందో తెలుసా? మన హైదరాబాద్‌లో. నవంబర్ 3 నుంచి 9 దాకా. అసలది ప్యూర్టోరికోలో జరగాలి, జికా వైరస్ భయంతో ఇటు మార్చారు.

ఇప్పుడు తెలుగు సంగతి. డాట్ భారత్ అని తెలుగు లిపిలోనే ఉన్న చిరునామా 2011లోనే రూట్‌లోకి ఎక్కింది. అయితే రూట్‌లో కొత్త తెలుగు పేరేదైనా రావాలంటే ఏ అక్షరం పక్కన ఏది రావచ్చో రూల్స్ కావాలి. మన దేశంలోని తొమ్మిది లిపులకి కలిపి నిపుణుల బృందం కూర్చుని రాసింది. చిన్న పనేం కాదు. తెలుగు "ర", కన్నడ "ರ" పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపెట్టగలరా? కంప్యూటర్‌కి మాత్రం రెండూ వేర్వేరు. మోసగాడికి అంతకంటే ఏం కావాలి? అందుకే అలా కలిసిపోయే అక్షరాలతో ఒక పేరు ఒకరికిస్తే, దాని జోడీ పేరు ఇంకొకరికి పోకుండా ఆపుతారు.

ఇంకోటి. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట్ కింద వ వత్తు పడకుండా మధ్యలో కనబడని ఒక గుర్తు పెడతాం. రూట్‌లో పేర్లకి ఆ గుర్తు ఒప్పుకోరు. మన రాత అలవాటు ఒకటి, అక్కడి రూలు ఇంకొకటి. ఇలాంటివి మాట్లాడాలంటే ఆ బల్ల దగ్గర తెలుగు తెలిసినవాళ్లు కూర్చోవాలి. ఐకాన్ సమావేశాలు ఎవరికైనా ఉచితం, ఫోన్‌లో కూడా చేరొచ్చు.

హెడ్ స్లూయిస్ తెరిచారు, సరే. మరి నీళ్లు శివారు చేలకి చేరాయా? తెలుగు అక్షరాలతో ఉన్న ఈమెయిల్ అడ్రస్ ఏదైనా ఫారంలో కొట్టి చూడండి. చాలాచోట్ల ఇన్‌వాలిడ్ అంటుంది. దానికి ఐకాన్ అడ్డు కాదు, అమెరికా అడ్డు కాదు. ఏ నుంచి జడ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే ఒప్పుకోమని ఎవరో కోడర్ రాసిన ఒక్క లైను. చేను గట్టు మీద తూము మూసేసినట్టు. ఇంగ్లిష్ రాని రైతుకి తెలుగులో అడ్రస్ ఉన్నా, ఆ ఫారం దగ్గర ఆయన పని ఆగిపోయినట్టే.

ఈ వీడియో చూసేవాళ్లలో బీటెక్ చదివేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు. మీ ప్రాజెక్ట్‌లో ఆ ఒక్క లైను ఎలా ఉందో ఈరోజే తెరిచి చూడండి. తెలుగు ఒప్పుకోకపోతే మార్చండి. ఏమైందో కామెంట్‌లో రాయండి, తెలుగులోనే రాయండి. ఉంటానండి మరి.