ఫార్మాట్ కొట్టే ముందు ఆగండి: హార్డ్‌డిస్క్ పోతుంటే ఏ పని ముందు, ఏ పని చివర?

ఈ రోజు టాపిక్ హార్డ్‌డిస్క్. "అన్నా, మాకు కంప్యూటరే లేదు, అంతా ఫోన్‌లోనే" అంటారా? సరే. మరి ఫోన్ నిండిపోయినప్పుడల్లా ఫొటోలు, వీడియోలు ఎక్కడ పడేస్తున్నారు? ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లోనో, నాన్న షాపు కంప్యూటర్‌లోనో, లేకపోతే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోనో. ఒక రోజు అది తగిలించగానే విండోస్ ఒక మెసేజ్ చూపిస్తుంది. ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని. వేలు సీదా ఆ బటన్ మీదకే పోతుంది.

నొక్కకండి. ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి: ఫార్మాట్ అనేది రిపేర్ కాదు. ఫార్మాట్ అంటే డిస్క్ మీద కొత్త విషయసూచిక రాయడం, అంతే. పుస్తకంలో పేజీలు చిరిగిపోతే, ముందున్న సూచిక మార్చి రాస్తే పేజీలు అతుక్కుంటాయా? అతుక్కోవు. పైగా ఏ పేజీలో ఏముందో కూడా తెలియకుండా పోతుంది.

దీన్ని ఒక అసలు కేసుతో చెప్తాను. పాతబస్తీలో ఛత్తాబజార్ తెలుసు కదా? మదీనా నుంచి పురానీ హవేలీ వైపు పోయే దారిలో ఉంటుంది. పెళ్లి కార్డులంటే హైదరాబాద్‌లో ముందు గుర్తొచ్చే బజారు అది. ఒకప్పుడు అక్కడ కాతిబ్‌లు కూర్చుని ఉర్దూ అక్షరాలు కలంతో రాసేవాళ్లు. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్‌తో నస్తాలిఖ్ లిపిని టైప్ చేయడం తేలికైంది. చేత్తో రాసేవాళ్లు తగ్గిపోయారు.

అక్కడ ఒక కార్డుల షాపు చాచా నన్ను పిలిచారు. 1 టీబీ హార్డ్‌డిస్క్, చాలా ఏళ్ల డిజైన్లు. అందులో ఒక ఫోల్డర్ ఉంది. వాళ్ల దగ్గర పనిచేసి చనిపోయిన ఒక కాతిబ్ సాబ్ చేత్తో రాసిన పేర్లు, బిస్మిల్లాలు, అంచుల డిజైన్లు స్కాన్ చేసి పెట్టుకున్నారు. కాగితాలు ఎప్పుడో పోయాయి. ఇక ఆ అక్షరాలు ఉన్నది ఆ డిస్క్‌లోనే. ఒక రోజు ఫైల్ తెరవడానికి పది నిమిషాలు పట్టింది, మర్నాడు ఫార్మాట్ మెసేజ్ వచ్చింది. అంతకు ముందు చూసిన టెక్నీషియన్ ఫార్మాట్ చేస్తే సెట్ అవుతుంది అని చెప్పి పోయాడట. చాచా కూడా "ఫార్మాట్ కొట్టేయ్ బేటా, ఖతం. పెళ్లిళ్ల సీజన్" అన్నారు.

"నక్కో చాచా," అన్నాను. "ఫార్మాట్ ఇప్పుడు నక్కో. ముందు కాతిబ్ సాబ్ అక్షరాలు బయటకు తీద్దాం."

ముందు చెవి పెట్టి వినండి. డిస్క్ లోపల పళ్లేల్లాంటివి తిరుగుతుంటాయి, వాటి మీద ఒక రీడింగ్ హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. టక్, టక్, టక్ అని ఒకే లయలో శబ్దం వస్తుంటే చాలావరకు హెడ్ దెబ్బతిన్నట్టే. అప్పుడు వెంటనే పవర్ తీసేయండి. కమాండ్ ఏదీ వద్దు. డేటా విలువైనదైతే డిస్క్‌ను క్లీన్‌రూమ్‌లో తెరిచే రికవరీ ల్యాబ్‌కే ఇవ్వాలి. వానల్లో నీళ్లలో మునిగిన డిస్క్ అయినా అంతే. ఎండబెట్టి ఆన్ చేసి చూద్దాం అనుకోవద్దు. ఈ డిస్క్‌లో ఆ శబ్దం లేదు. నెమ్మదిగా ఉంది, మధ్యమధ్యలో ఆగుతోంది. అంటే మనం ప్రయత్నించొచ్చు.

రెండోది, విండోస్ నుంచి బయటకు రండి. విండోస్ ఆన్ అయిన ప్రతిసారీ డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. సిస్టమ్‌రెస్క్యూ అని ఒక ఉచిత లైనక్స్ ఉంది. పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, మనకు కావాల్సిన టూల్స్ అన్నీ ముందే ఉంటాయి. ఉన్న ఒక్క కంప్యూటరూ ఇదే అయితే పెన్‌డ్రైవ్ ఎలా చేయాలి? మీ ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. ఐఎస్ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేసి, ఓటీజీ కేబుల్‌కు పెన్‌డ్రైవ్ తగిలించి, ఎచ్‌డ్రాయిడ్ అనే యాప్‌తో రాసేయొచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, కాబట్టి ఖాళీది తీసుకోండి.

బూట్ అయ్యాక నల్ల స్క్రీన్ వస్తుంది. భయపడొద్దు. మొదటి కమాండ్ ఎల్ఎస్‌బీఎల్‌కే. ఏయే డిస్కులు తగిలించి ఉన్నాయో చూపిస్తుంది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ ఇలా పేర్లుంటాయి. పక్కన హైఫన్ ఓ పెట్టి నేమ్, సైజ్, మోడల్, సీరియల్ అని కామాలతో అడిగితే సీరియల్ నంబర్ కూడా వస్తుంది. దాన్ని డిస్క్ మీద అంటించిన లేబుల్‌తో పోల్చండి. రీస్టార్ట్ చేస్తే ఈ పేర్లు తారుమారు కావచ్చు, సీరియల్ నంబర్ మాత్రం మారదు. చాచా షాపులో చెడిపోతున్నది ఎస్‌డీఏ, పెన్‌డ్రైవ్ ఎస్‌డీబీ, కొత్తగా కొన్న 2 టీబీ ఎక్స్‌టర్నల్ ఎస్‌డీసీ.

ఇప్పుడు డిస్క్‌నే అడుగుదాం, ఒంట్లో ఎలా ఉంది అని. కమాండ్: స్మార్ట్‌సీటీఎల్, స్పేస్, హైఫన్ ఏ, స్పేస్, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ. యూఎస్‌బీలో ఉన్న డిస్క్ జవాబు ఇవ్వకపోతే మధ్యలో హైఫన్ డీ శాట్ అని చేర్చండి. పెద్ద రిపోర్ట్ వస్తుంది. పైన పాస్‌డ్ అని ఉంటుంది. దాన్ని చూసి సంబరపడొద్దు. చావుబతుకుల్లో ఉన్న డిస్కులు కూడా పాస్ అవుతాయి. కిందికి పోయి చివరి కాలమ్‌లో నాలుగు నంబర్లు చూడండి.

5వ నంబర్, ఇప్పటికే పాడై, స్పేర్ చోటుకు మార్చేసిన సెక్టార్లు. 197, చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు. 198, డిస్క్ తనంతట తాను చెక్ చేసుకున్నప్పుడు కూడా చదవలేకపోయినవి. 199, కేబుల్ దారిలో వచ్చిన తప్పులు. 199 ఒక్కటే పెరుగుతుంటే సంతోషించండి, డిస్క్‌కు ఏమీ కాలేదు, కేబుల్ మారిస్తే సరిపోవచ్చు. చాచా డిస్క్‌లో 199 సున్నా. 5 దగ్గర 24, 197 దగ్గర 112. అంటే జబ్బు కేబుల్‌లో లేదు, పళ్లెం మీదే ఉంది.

ఇలాంటి డిస్క్ ఇంకెన్నిసార్లు చదవనిస్తుందో చెప్పలేం. ఒక్కో రీడ్ ఒక్కో ఊపిరి అనుకోండి. ఆ ఊపిరి దేనికి ఖర్చు పెట్టాలి? ఫోల్డర్లు తెరిచి చూడటానికి కాదు, చెక్‌డిస్క్ నడపడానికి అసలే కాదు. చెక్‌డిస్క్ గంటల తరబడి అదే పాడైన చోట రుద్దుతుంది, పైగా రిపేర్ పేరుతో ఫైళ్ల లెక్కలు మార్చేస్తుంది. మొత్తం ఊపిరి కాపీకే పెట్టాలి.

దానికి టూల్ డీడీరెస్క్యూ. మామూలు కాపీ చెడ్డ సెక్టార్ దగ్గర ఆగి, అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది. ఇది అలా కాదు. మొండికేసిన చోటును వదిలేసి, బాగున్నదంతా ముందు తెచ్చుకుంటుంది. ఎక్కడెక్కడ వదిలేసిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. ముందుగా 2 టీబీ డిస్క్‌ను స్లాష్ ఎంఎన్‌టీ స్లాష్ బ్యాకప్ దగ్గర మౌంట్ చేశాం. పాత డిస్క్‌ను మాత్రం మౌంట్ చేయలేదు. కాపీ వెళ్లే డిస్క్ ఫ్యాట్32 కాకుండా చూసుకోండి, అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటదు.

కమాండ్ ఇలా ఉంటుంది: డీడీరెస్క్యూ, హైఫన్ డీ, హైఫన్ ఎన్, తర్వాత స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ, తర్వాత బ్యాకప్‌లో డిస్క్ డాట్ ఐఎంజీ, చివర అదే ఫోల్డర్‌లో డిస్క్ డాట్ మ్యాప్. వరస ముఖ్యం. ముందు పాతది, తర్వాత కొత్తది, చివర మ్యాప్. హైఫన్ ఎన్ అంటే మొండి చోట్లను ఇప్పుడు గీకొద్దు అని.

ఆరోగ్యంగా ఉన్న 1 టీబీ డిస్క్ అయితే సెకనుకు 100 ఎంబీ చొప్పున మూడు గంటల్లోపు అయిపోతుంది. దీనికి 14 గంటలు పట్టింది. మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. చాచా తల పట్టుకున్నారు. ఇక్కడే మ్యాప్ ఫైల్ విలువ తెలుస్తుంది. కరెంటు వచ్చాక సీరియల్ నంబర్లు మళ్లీ చూసి, అదే కమాండ్ మళ్లీ కొడితే దాదాపు ఆగిన చోటు నుంచే మొదలైంది. తర్వాత హైఫన్ ఎన్ తీసేసి హైఫన్ ఆర్3 పెట్టి రెండో రౌండ్. అంటే వదిలేసిన చోట్లను మూడేసి సార్లు మళ్లీ అడుగు అని. అది మర్నాడు పొద్దున దాకా నడిచింది. చివరికి 1 టీబీలో చదవలేకపోయింది 40 ఎంబీ కంటే తక్కువ.

తర్వాత ఆ ఇమేజ్‌ను రీడ్‌ఓన్లీగా తెరిచాం. లోసెటప్ కమాండ్‌తో ఆ ఫైల్‌నే ఒక డిస్క్‌లాగా తగిలించవచ్చు. ఫోల్డర్లు కనపడకపోతే టెస్ట్‌డిస్క్ వాడాలి. అదీ కుదరకపోతే ఫొటోరెక్. ఫొటోరెక్ ఫైళ్లను తెస్తుంది కానీ పేర్లు పోతాయి, వేల ఫైళ్లలో వెతుక్కోవాలి. ఏ రిపేర్ చేసినా కాపీ మీదే చేయాలి, అసలు డిస్క్ మీద కాదు.

చాచాకు ఫోల్డర్లన్నీ పేర్లతో సహా వచ్చాయి. కాతిబ్ సాబ్ ఫోల్డర్‌లో రెండు స్కాన్లు మాత్రం తెరుచుకోలేదు. 40 ఎంబీ అంటే చిన్న అంకె అనిపిస్తుంది, కానీ అది ఎవరి ఫైల్ మీద పడిందో అన్నదే అసలు లెక్క. చాచా ఏమీ మాట్లాడలేదు. లోపలికి పోయి పాత శాంపిల్ కార్డుల ఆల్బమ్ తెచ్చారు. వెతికితే ఆ రెంటిలో ఒక డిజైన్‌తో అచ్చు వేసిన కార్డు అందులో దొరికింది. దాన్ని మళ్లీ స్కాన్ చేశాం. రెండోది పోయింది. అది ఇక లేదు.

ఇప్పుడు, డేటా బయటకొచ్చాకే, ఫార్మాట్. ఎందుకంటే చాచాకు ఆ డిస్క్ మళ్లీ కావాలి, డబ్బులు పెట్టి కొన్నది కదా. ఎల్ఎస్‌బీఎల్‌కేతో సీరియల్ మరోసారి చూసుకుని, 2 టీబీ డిస్క్ వైరు పీకేసి పక్కన పెట్టాం. ఈ పీకేయడం మర్చిపోకండి, ఇక్కడ ఒక్క అక్షరం తప్పు కొడితే కాపీనే తుడిచేస్తారు. తర్వాత డీడీ కమాండ్: ఐఎఫ్ ఈక్వల్స్ స్లాష్ డెవ్ స్లాష్ జీరో, ఓఎఫ్ ఈక్వల్స్ స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ, బీఎస్ ఈక్వల్స్ 1ఎం, స్టేటస్ ఈక్వల్స్ ప్రోగ్రెస్. ఐఎఫ్ అంటే ఎక్కడి నుంచి, ఓఎఫ్ అంటే ఎక్కడికి. ఇది మొదటి సెక్టార్ నుంచి చివరి దాకా సున్నాలు రాస్తుంది. రాసేటప్పుడు డిస్క్ ఆ పెండింగ్ సెక్టార్లను తేల్చుకుంటుంది. బాగుంటే ఉంచుకుంటుంది, లేకపోతే స్పేర్‌కు మార్చేస్తుంది. తర్వాత పార్టెడ్‌తో జీపీటీ టేబుల్, ఒక పార్టిషన్, ఎంకేఎఫ్‌ఎస్ డాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్. విండోస్‌లోనే చేయాలంటే డిస్క్‌పార్ట్ ఉంది. లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, క్లీన్ ఆల్ కొడితే అదే సున్నాల పని చేస్తుంది.

ఫార్మాట్ ఒక్క ఎర్రర్ లేకుండా అయిపోయింది. 197 సున్నాకు వచ్చింది. చాచా ముఖం వెలిగిపోయింది, "అచ్ఛా హోగయా" అన్నారు. కానీ 5వ నంబర్ 24 నుంచి 131కి ఎక్కింది. స్మార్ట్‌సీటీఎల్, హైఫన్ టీ లాంగ్ అని పెద్ద టెస్ట్ పెట్టి వచ్చాను. మర్నాడు చూస్తే టెస్ట్ రీడ్ ఫెయిల్యూర్ అని మధ్యలోనే ఆగింది, 197లో మళ్లీ 9 కొత్త సెక్టార్లు.

చూశారా? ఫార్మాట్ సక్సెస్, డిస్క్ ఫెయిల్. మొదటి రోజే ఫార్మాట్ కొట్టి ఉంటే ఇదే సక్సెస్ మెసేజ్ వచ్చేది, చాచా దాని మీదే కొత్త సీజన్ కార్డులు దాచుకునేవారు, వారం పది రోజుల్లో అవీ పోయేవి. పెద్ద టెస్ట్ పాసై, 5వ నంబర్ కదలకుండా నిలబడితే ఆ డిస్క్‌లో సినిమాలు పెట్టుకోండి, పోయినా పర్లేదు. నంబర్ పెరుగుతూనే ఉంటే దాన్ని దేనికీ నమ్మొద్దు. సున్నాలు రాశాక ఈ-వేస్ట్‌కు ఇచ్చేయండి. సున్నాలు ఎందుకంటే కార్డుల్లో కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. క్విక్ ఫార్మాట్ చేసి అమ్మేస్తే అవన్నీ తిరిగి తీయొచ్చు.

ఒక జాగ్రత్త. ఇదంతా తిరిగే హార్డ్‌డిస్క్‌కు. ఎస్‌ఎస్‌డీ, మీ ఫోన్ స్టోరేజ్ వేరు. అవి శబ్దం చేయవు, చాలాసార్లు ముందు చెప్పకుండానే పోతాయి. అందులో డిలీట్ అయినవి తిరిగి రావడం కష్టం. వాటి విషయంలో బ్యాకప్ ఒక్కటే దారి.

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 రూల్ ఉంది. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. చాచా ఫోల్డర్ ఇప్పుడు షాపు కంప్యూటర్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్‌లో ఒకటి, వాళ్ల అబ్బాయి క్లౌడ్ అకౌంట్‌లో ఒకటి.

మీరు ఈ రోజే చేయాల్సింది చిన్న పని. మీకు ఒక్కచోటే ఉన్న ఫైల్ ఏదో గుర్తు తెచ్చుకోండి. అమ్మమ్మ గొంతు రికార్డింగ్ కావచ్చు, చెల్లి పెళ్లి వీడియో కావచ్చు. ఈ వీడియో ఆపేసి, దాన్ని ఇంకో చోటికి కాపీ చేయండి. డిస్క్ దగ్గర ఎక్కడైనా ఆగిపోతే, స్మార్ట్ రిపోర్ట్‌లోని ఆ నాలుగు నంబర్లు కామెంట్‌లో పెట్టండి, చూసి చెప్తాను. సీరియల్ నంబర్ మాత్రం పెట్టకండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.