పుట్ట చీమలది కాదు

 ఈ నెల్లూరు సభలో నన్ను పరిచయం చేసిన మిత్రులు “చీమలాగా కష్టపడే మనిషి” అన్నారు. అభిమానంతో అన్నారు, సంతోషం. కానీ ఆ పొగడ్తలో ఒక పొరపాటుంది. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఇంకో తగాదా తేల్చుకోవాలి.

పుట్ట తగాదా. నాగులచవితికి మీరు పాలు పోసే పుట్ట. దాన్ని చీమలు కడితే పాము వచ్చి చేరుతుందని సుమతీ శతకంలో ఉంది కదా, మనందరితో వల్లె వేయించారు. పద్యం బాగుంది, నీతీ బాగుంది. మేస్త్రీ పేరే తప్పు! ఆ పుట్టలు కట్టేది చెదలు. చెదకీ చీమకీ చుట్టరికం లేదు. చెద బొద్దింకల వంశం, చీమ కందిరీగల వంశం. మనిషంత ఎత్తు పుట్ట లేపి, లోపల గాలి ఆడే ఏర్పాటు చేసుకుని, నమిలిన ఆకూ పుల్లల మీద బూజు తోటలు పెంచుకునేది చెద. వానలు పడ్డాక ఆ పుట్టల మీద లేచే పుట్టగొడుగులు, మీరు ఇష్టంగా కూర వండుకునేవి, ఆ తోటల పంటే. పేరు మాత్రం చీమకి!

చెదల్లో రాణి పక్కన రాజు కూడా ఉంటాడు, బతికినంతకాలం ఉంటాడు. చీమల్లో రాజు లేడు. మగచీమ రెక్కలతో లేస్తుంది, జతకడుతుంది, చచ్చిపోతుంది. అంతే దాని రాజ్యం. అయినా పిల్లల కథల పుస్తకం ఏది తెరిచినా కిరీటం పెట్టుకున్న చీమలరాజు కనిపిస్తాడు. ఎవరండీ ఆయన? రాణి ఉంది, నిజమే. ఆవిడ గుడ్లు పెడుతుంది, హుకుములు జారీ చెయ్యదు. ఎవరూ చెప్పకుండానే, ఎదురైన చీమ వాసన చూసి, అలాంటివి ఎన్ని ఎదురయ్యాయో దాన్నిబట్టి ఏ పనికి వెళ్ళాలో చీమలు తేల్చుకుంటాయి.

ఇంకో విడ్డూరం చెప్పనా? చెదలకి అసలు శత్రువు చీమే. నల్లటి చీమలు బారులు తీరి, తోవ పొడుగునా దండు నడిచినట్టు పోవడం మీరు చూసే ఉంటారు. వాటిలో లెప్టోజెనిస్ ప్రొసెషనాలిస్ అనే జాతి చెదల మీద దాడికి పోతుంది, తిరిగొచ్చేటప్పుడు చెదల్ని నోట కరుచుకుని వస్తుంది. ఈ చీమని 1851లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఎవరో తెలుసా? మీ ఊళ్ళో పనిచేసిన డాక్టరు!

అదీ, ఇప్పుడు తలలు లేచాయి. థామస్ జెర్డన్. 1840ల్లో నెల్లూరు సివిల్ సర్జన్. కలివికోడి అంటే మీకు తెలుసు. కనబడకుండా పోయి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికిన పిట్ట. దానికి ఇంగ్లీషులో ఈయన పేరే. పిట్టల డాక్టరుగా ఆయన్ని అందరూ తలుచుకుంటారు. చీమల డాక్టరుగా ఎవరూ తలుచుకోరు, అదే నా బాధ. దక్షిణ భారతదేశపు చీమల జాబితా ఒకటి రాసి మద్రాసు పత్రికలో అచ్చువేయించాడు. అందులో ఇంకో చీమ ఉంది, హార్పెగ్నాథస్ సాల్టేటర్. పెద్ద కళ్ళు, కొడవళ్ళలాంటి దవడలు. ఎగిరి దూకి వేటాడుతుంది. అవును, చీమే, దూకుతుంది.

దాని గూట్లో రాణి చచ్చిపోతే ఏమవుతుందో వినండి. పనిచీమలు ఎదురెదురుగా నిలబడి మీసాలతో కొట్టుకుంటాయి. ఈ పోటీ వారాల తరబడి సాగుతుంది. గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. మామూలుగా ఏడు నెలలు బతికే పనిచీమ, గెలిచాక నాలుగేళ్ళు బతుకుతుంది. మెదడు మాత్రం దాదాపు ఐదోవంతు తగ్గిపోతుంది. వేటకి పోనక్కర్లేదు కదా, అంత మెదడెందుకు? (నవ్వకండి, రాజకీయాలు నేను మాట్లాడలేదు.) ఆ చీమని ఆ హోదా నుంచి దింపి మళ్ళీ పనిలో పెడితే మెదడు మళ్ళీ పెరుగుతుందని 2021లో తేల్చారు. ఎదిగిన ప్రాణిలో మెదడు తగ్గి మళ్ళీ పెరగడం! ముసలితనం గురించి తెలుసుకోవాలనుకునే ప్రయోగశాలలు ఇప్పుడు ఈ చీమ చుట్టూ తిరుగుతున్నాయి. 2010లో జన్యుపటం పూర్తిగా చదివిన తొలి చీమల్లో ఇదొకటి. నెల్లూరు డాక్టరు జాబితాలోని చీమ! ఈ ఊళ్ళో ఆయన పేరుతో ఒక చిన్న వీధైనా ఉండాలని నేను అడుగుతూనే ఉంటాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. త్వరగా ముగిస్తాను.

ఇందాకటి పొగడ్త. చీమలన్నీ కష్టజీవులు కావు. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళు చీమలకి రంగుచుక్కలు పెట్టి గమనిస్తే, గూట్లో దాదాపు 40 శాతం ఊరికే నిలబడి ఉన్నాయి. బాగా పనిచేసేవాటిని తీసేస్తే, ఈ సోమరుల్లోంచే కొన్ని పనిలోకి దిగాయి. అంటే అవి అవసరానికి అట్టేపెట్టుకున్న పనివాళ్ళన్నమాట. కాబట్టి పిల్లల్ని చీమని చూసి నేర్చుకోమనే ముందు ఏ చీమని చూపిస్తున్నారో చూసుకోండి.

ఇంకో అపోహ, చీమలు తింటే కళ్ళు బాగా కనిపిస్తాయనే మాట. పంచదారలో చీమలున్నాయని తల్లికి చెప్పిన ప్రతి పిల్లవాడికీ వచ్చే జవాబు. చాలా జాతుల పనిచీమలకి చూపే అంతంతమాత్రం, అవి మీ చూపేం బాగుచేస్తాయి? అలాగే, వానకి ముందు చీమలు మోసుకుపోయే తెల్లటివన్నీ గుడ్లనుకోకండి, ఎక్కువగా లార్వాలూ, ప్యూపాలూ. గుడ్డయితే మీ కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది.

రైతులకి ఒక ముక్క. మామిడి ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమని తిట్టకండి. తన లార్వాల పట్టుదారంతోనే కుడుతుంది. చైనాలో నారింజ తోటల్లో పురుగుల మీదికి దీన్నే వదిలేవారని నాలుగో శతాబ్దపు గ్రంథంలోనే ఉంది. మన పక్క ఒడిశాలో, మయూర్‌భంజ్‌లో దీంతో చేసే పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. కానీ పిండినల్లిని, పేనుబంకని అది కాపలా కాస్తుంది, అదీ నిజమే. మిత్రుడు కాదు, శత్రువు కాదు, తన పని తను చూసుకునే జీవి.

ఇక వంటింటి గృహిణులకి, వంటచేసే మగవాళ్ళకి కూడా. చీమ కనబడగానే మందు కొట్టకండి. ఇళ్ళలో, ఆసుపత్రుల్లో తిరిగే ఒక సన్నటి పసుపు చీమ ఉంది. మందు కొడితే దాని గూడు చీలి రెండు మూడు గూళ్ళవుతుంది. చీమల చాక్‌పీసు విషమే, పిల్లల చేతికందే చోట గీయొద్దు. చీమలకి దారి చూపేది అవి నేలమీద వదిలిన వాసన. సబ్బునీళ్ళతో ఆ దారి తుడవండి, డబ్బా మూత బిగించండి. చాలావరకు సమస్య అక్కడే తీరుతుంది.